వృథాయగుచున్న వేగము

నర్సాపురము నుండి మెదకునకు బోవు బాటలో, కౌడిపల్లి యొద్ద బస్సు నిలుచుట మన పాఠకులలో ననేకు లెరిగినదే. డ్రైవరు బ్రేకు నదుమును, బండి నిలుచును. ఆ క్షణమున పోయినదేమో యెవరును విచారింపరు. పోయినది డీజిలు. 10 టన్నుల బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగమున వచ్చి నిలిచినచో 5 లక్షల జౌళ్ల శక్తి బ్రేకులలో వేడియై గాలిలో గలియును. డీజిలులోని శక్తిలో మూడవపాలు చక్రములకు జేరునని యెంచినచో, అట్టి 24 నిలుపుదలలకు లీటరు డీజిలు చెల్లినట్లే.

ఈ నష్టమునకు విరుగుడు లేకపోలేదు. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి పిడి నదిమి విడిచినచో, అది వెనుకకు దన్నును. హైడ్రాలిక్ హైబ్రిడ్ బండి సూత్ర మదియే. బ్రేకు వేయగానే చక్రములు పంపును ద్రిప్పును. పంపు నూనెను ఉక్కుపాత్రలోనికి ద్రోయును. అందలి నైట్రోజను వాయువు నొక్కుకొనిపోవును. బండి మరల కదలునపుడు వాయువు వ్యాకోచించి నూనెను వెనుకకు నెట్టగా, ఆ పంపే మోటారై చక్రములను ద్రిప్పును. అమెరికాలో 2006లోనే పర్యావరణ రక్షణ సంస్థ, యు.పి.ఎస్. కంపెనీతో గూడి, ఇట్టి సరకుల బండిని ప్రదర్శించెను.

దీనికి పరిమితి గలదు. పాత్ర బరువెక్కువ, అందు నిలుచు శక్తి స్వల్పము. కావున దూరదూరముగ నిలుచు మెదకు బస్సునకు లాభము కొంచెమే. అడుగడుగున నాగు హైదరాబాదు సిటీబస్సులకును, చెత్తలారీలకును ఇది తగినది.

విద్యుద్వాహనములు వచ్చుచుండగా నిది యేల యని కొంద రందురు. నిజమే. 2017 నవంబరు నుండి నడచుచున్న హైదరాబాదు మెట్రో రైళ్లు బ్రేకు శక్తిని విద్యుత్తుగ మార్చి తీగకు మరల నిచ్చుచున్నవి. కాని డీజిలు బస్సులన్నియు నొక్కనాట మాయము కావు. ముడిచమురులో నైదింట నాలుగు పాళ్లకు మించి పరదేశములనుండి కొను దేశమున, అంతవరకు వేచియుండుట వివేకమా?

1932లో 27 బస్సులతో నిజాము రాష్ట్రమున మొదలైన ప్రజారవాణాకు వారసులైన అధికారులు, ఇంజనీరింగు కళాశాలల తోడ్పాటుతో, ఒక్క పాత సిటీబస్సుపై దీనిని పరీక్షింపవలయును. ఖర్చును, మిగులును ప్రజల ముందుంచవలయును. లాభమున్న విస్తరింపవచ్చును; లేకున్న విడువవచ్చును. అంతదాక, స్టాపు దూరమున నుండగనే యాక్సిలరేటరు వదలి బండిని మెల్లగ దెచ్చు డ్రైవరు కాసు ఖర్చులేకయే కొంత చమురును మిగుల్చుచున్నాడు. అతనిని గుర్తించి గౌరవింపవలయును.

వాననీటిని చెరువులలో నిలిపి వేసవికి దాచుకొన్న సీమ మనది. నిలుపదగిన దానిని పారనిచ్చుట మనకు దగునా?