వైరసు బండికి యజమాని ఎవరు?

"జన్యువులను కత్తిరించి అతికించడం కంపెనీల విద్య. అభ్యుదయవాదులకు దానితో పనేమిటి?" అని చొప్పదండిలో ఉపాధ్యాయ మిత్రుడొకరు నన్ను నిలదీశారు. 2002లో వచ్చిన బీటీ పత్తి గింజల అనుభవం ఆయన చేత అలా అనిపించింది. ఆయన కోపం న్యాయమైనదే. కాని గురి తప్పింది.

గోదావరి దాటి ఆదిలాబాదు గోండు గూడేలకు పోయి చూడండి. సికిల్ సెల్ వ్యాధి అక్కడ తరతరాలుగా ఉంది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, గుండ్రని రక్తకణం కొడవలిలా వంగి సన్నని నాళాలలో అడ్డుపడుతుంది. (మన జెండామీది కొడవలి వేరు, పేదవాని నెత్తుటిలోని ఈ కొడవలి వేరు.) దీనికి 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన చికిత్సలలో ఒకటి లిఫ్‌జీనియా. రోగి మూలకణాలను బయటికి తీసి, ఎయిడ్స్ వైరసు నుంచి చేసిన ఒక వైరసును, రోగం కలిగించే శక్తి తీసివేసి, బండిగా వాడి, పనిచేసే జన్యువును లోపలికి చేరుస్తారు. మనుషులను చంపిన వైరసు చేతనే మనిషికి చాకిరీ చేయించడం! దీన్ని చూసి అభ్యుదయవాది ముఖం తిప్పుకోవడమా?

దోషం లేదనను. ఈ బండి సరుకును క్రోమోజోములో ఎక్కడ దించుతుందో మన చేతిలో లేదు. మరో రెట్రోవైరసుతో 1999లో పారిస్‌లో ఆరంభమైన చికిత్సలో కొందరు పిల్లలకు ల్యుకేమియా వచ్చింది. లిఫ్‌జీనియాకూ రక్త క్యాన్సరు హెచ్చరిక ఉంది. అందుకే చోటు చూసి కోసి, చోటు చూసి అతికించే ఎంజైముల కోసం ఇంత వెదుకులాట. అలాంటిది క్రీ. బాక్టీరియాను తినే పీ1 వైరసులోనిది. లాక్స్‌పీ అనే 34 అక్షరాల గుర్తును పోల్చుకుని అక్కడే పనిచేస్తుంది. ఎలుకల జన్యువుల మీద పరిశోధనకు అది ప్రాణం. ప్రకృతి చేసిన ఆ పనిముట్టు వాడకం మీద డూపాంట్ కంపెనీ పేటెంటు సంపాదించింది! షరతులు సడలించుకోవడానికి 1998లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థే ఆ కంపెనీతో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

లిఫ్‌జీనియా ధర 31 లక్షల డాలర్లు. 25 కోట్ల రూపాయల పైమాట. ఉట్నూరు పత్తి కూలీకి ఆ అంకె చదివి వినిపించడానికే సిగ్గవుతుంది. దాన్ని చేసిన బ్లూబర్డ్ బయోను 2025లో కార్లైల్ వంటి పెట్టుబడి సంస్థలు కొనేశాయి. ఇందులో వైరసు నేరమేమున్నది?

అదే 2025లో మన ప్రభుత్వ పరిశోధనశాల ఐజీఐబీ, ఈ వ్యాధికే తాను రూపొందించిన క్రిస్పర్ చికిత్సకు బిర్సా ముండా పేరు పెట్టి, సాంకేతికాన్ని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించింది. పేరు ఆదివాసిది, ఖర్చు ప్రజలది. ధర కట్టేది ఎవరు? ఎవరు కట్టాలి? మిత్రుడు మరచిన సంగతి ఒకటుంది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్‌శాంటో రాయల్టీ మీద వ్యాజ్యం వేసి, 1,600 రూపాయలకు పైనున్న బీటీ పత్తి ప్యాకెట్టును 750కి దించింది. గింజ మారలేదు, జన్యువూ మారలేదు.