ద్రౌపదికి హారతి, నటికి అపనింద

బళ్ళారి రాఘవ పేరు విన్నచో మన తెలుగువారు గర్వపడుదురు. 1880లో తాడిపత్రిలో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా నుండి, మేనమామయగు ధర్మవరము రామకృష్ణమాచార్యుల చలువచే నాటకరంగమునకు దారి తెలిసికొని, తెలుగు, కన్నడ, ఆంగ్ల నాటకములలో పేరుగాంచిన ఆ మహానటుడు 1946లో కన్నుమూసెను. ‘రామరాజు’ నాటకమున ఆయన ధరించిన పఠాను పాత్రను గూర్చి నేటికిని సభలలో చెప్పుకొనుచున్నారు. మంచిదే. కాని ఆయన మననుండి కోరినది కరతాళధ్వనులు మాత్రమే కాదు. స్త్రీ పాత్రను స్త్రీయే ధరింపవలెననియు, చదువుకొన్న కుటుంబములనుండి స్త్రీలు రంగమునకు రావలెననియు ఆయన పట్టుబట్టెను. రాజమన్నారు రచించిన ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకములు ప్రదర్శించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి గృహిణులను వేదికపై నిలిపెను. ఆయన పటమునకు పూలమాల వేసితిమి. ఆయన మాటను మాత్రము పటము వెనుకనే దాచితిమి.

మా మాట కఠినమని తోచినవారు పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతముల పల్లెలను చూడుడు. ధర్మరాజు గుడి యున్న గ్రామమున భారతోత్సవము వచ్చినచో పగలు హరికథ, రాత్రి నాటకము. అర్జునుడు తపస్సుమాను ఎక్కును. దుర్యోధనవధనాడు మట్టితో చేసిన భారీవిగ్రహము నేల పరచియుండును. ద్రౌపది శపథము తీర్చుకొని జుట్టు ముడివైచుకొనును. మన యిల్లాండ్రు కన్నీరు తుడుచుకొని ఆ తల్లికి హారతి పట్టుదురు. ఆ వేషమును చిరకాలము మగవారే వేసిరి. కొన్నిచోట్ల నేడు నటీమణులును వేయుచున్నారు. తెల్లవారినంతనే ఆ నటిని గూర్చి మన అరుగులపై వినవచ్చు మాటలేవి? ఆమె ఎవరి పిల్ల? మగడున్నాడా? రాత్రివేళ ఊరూర తిరుగునదానికి శీలమెక్కడిది? ఆమె ప్రక్కన భీముని వేషము వేసినవానిని గూర్చి ఇట్టి ప్రశ్న ఒక్కటియు పుట్టదు! సభలో దుశ్శాసనుడు చేసిన పనిని రాత్రి తిట్టినవారు, ఉదయమున నోటితో అదే పని చేయుచున్నారు.

కొందరు పెద్దలు స్థానం నరసింహారావును సాక్షిగా తెచ్చెదరు. అట్టి పురుషుడు సత్యభామను మెప్పించుచుండగా స్త్రీలెందుకని వారి వాదము. ఆ నటుని ప్రతిభకు మేమును నమస్కరించెదము. కాని ఒకని ప్రతిభ వేయిమంది స్త్రీల వాకిటికి తాళము కారాదు. షేక్స్పియరు కాలమున ఇంగ్లండులో బాలురే స్త్రీ వేషములు ధరించిరి. 1660 మొదలు స్త్రీలు రంగమునకు వచ్చిరి. దానిచే ఆ దేశపు సంసారములు కూలిపోలేదు.

సంసారిస్త్రీకి ఆట తగదందురు. పాట తగదని నిన్నటివరకు చెప్పినదియు ఈ నోరే! మదనపల్లె కళాశాలకు 1919లో రవీంద్రుడు వచ్చి ‘జనగణమన’ను వినిపింపగా, మార్గరెట్ కజిన్స్ అను విదుషి దానికి స్వరలిపి కూర్చెను. మన బడులలో ప్రతి బాలికయు నేడు దానిని గొంతెత్తి పాడుచున్నది. పెండ్లిచూపులలో మనమే పిల్లను కీర్తన పాడుమని అడుగుచున్నాము. పాటకు వచ్చిన గౌరవము ఆటకు ఏల రాదు? బడి వార్షికోత్సవమున కూతురు వేసిన వేషమును చూచి మురిసి, ఆమె పెరిగినంతనే అదే వేషమును పెండ్లివారికి తెలియకుండ దాచుట ఏపాటి న్యాయము?

రాఘవ 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’తో చిత్రసీమకు వచ్చెను. 1939లో ‘రైతుబిడ్డ’లో రైతుగా నటించెను. కొందరు జమీందారుల యొత్తిడిచే ఆ చిత్రమునకు పలుచోట్ల ఆటంకములు కలిగినవి. పుంగనూరును ఒకప్పుడు జమీయే. జమీందారీలు చట్టముచే పోయినవి. ‘నలుగురేమందురో’ అను జమీందారీ మాత్రము మన యిండ్లలో ఇంకను శిస్తు వసూలు చేయుచున్నది. ఆ శిస్తు చెల్లించునది మన ఆడుబిడ్డలు.

కావున మేము కోరునది స్పష్టము. ఉత్సవము జరుపు పెద్దలు నటికి నటునితో సమానమైన పారితోషికమీయవలెను. రంగు పూసికొనుటకు తడికెలచాటు గాక తలుపు గల గది చూపవలెను. ఇల్లు చేరువరకు ఆమె క్షేమమునకు బాధ్యత వహింపవలెను. గృహస్థులు నాటకమెరిగిన పిల్లను కోడలిగా తెచ్చుకొనుటకు జంకరాదు. ఇల్లాండ్రు అరుగుపై ఆ అపవాదు పుట్టినచోటనే దానిని ఖండింపవలెను. ఇవి చేయలేనివారు రాఘవ జయంతులు చేయకుందురుగాక! హారతి పళ్ళెము పట్టిన చేతులే ఆ నటికి కూర్చుండ పీట వేసిననాడు ద్రౌపది మానము మన యూళ్ళలో నిజముగా నిలిచినట్లు.