తీగలెవరివి?

పోయిన వేసవిలో మా వీధి ట్రాన్స్‌ఫార్మరు మూడోసారి కాలిపోయినప్పుడు, ఓటడగడానికి మా గుమ్మం తొక్కిన కార్పొరేటరుగారి దగ్గరకే వెళ్ళాను. ఆయన తప్పించుకోలేదు. "వీధిదీపాల వరకే మావండీ, మిగతాది కరెంటాఫీసు వాళ్ళది" అన్నారు. నిజమే. అయిదంతస్తుల భవనానికి అనుమతినిచ్చేది నగరపాలక సంస్థ. అందులోని ఏసీల భారాన్ని తీగలు మోయగలవో లేదో చూడవలసినది రాష్ట్రప్రభుత్వపు పంపిణీ సంస్థ. ఊరిని పెంచేవారొకరు, ఆ ఊరికి వెలుగునిచ్చేవారు వేరొకరు.

జర్మనీలో హాంబర్గ్ వాసులు ఈ సంగతిని ఓటుకే పెట్టారు. ఎన్నడో అమ్మివేసిన విద్యుత్తు తీగలను, గ్యాసు గొట్టాలను, చలికాలంలో ఇళ్ళను వెచ్చబరచే వేడినీటి గొట్టాలను నగరం తిరిగి కొనాలా అని 2013 సెప్టెంబరు 22న అడిగితే, 50.9 శాతం మంది కొనమన్నారు. అప్పటి మేయరు ఓలాఫ్ షోల్జ్ (తరువాత ఆ దేశానికి ఛాన్సలరయినది వీరే) పావువంతు వాటా చాలునని వాదించి ఓడారు. అయినా తీర్పును పాటించక తప్పలేదు. 2014లో విద్యుత్తు, 2018లో గ్యాసు, 2019లో వేడినీరు నగరం చేతికి వచ్చాయి.

సర్కారు చేతికి వస్తే చాలు, అంతా చక్కబడుతుందని నేననడం లేదు. మన పంపిణీ సంస్థలు సర్కారువే కదా! నాకు హాంబర్గ్‌లో నచ్చినది యాజమాన్యం కాదు, జవాబుదారీతనం. వేడినీటి సరఫరాలో 2030 నాటికి బొగ్గు వాడకం మానాలని 2019లో ఆ నగరసభే చట్టం చేసింది. ఎవరిని నిలదీయాలో అక్కడి పౌరునికి తెలుసు.

అంత దూరమెందుకంటారా, మన సిరిసిల్ల ఉన్నది. 1970లో ఏర్పడిన అక్కడి సహకార విద్యుత్ సరఫరా సంఘం (జనం నోట 'సెస్') కరెంటును టోకున కొని, మరమగ్గాలకూ పొలాల మోటార్లకూ తానే పంచుతుంది. డైరెక్టర్లను ఎన్నుకునేది సభ్యులైన వినియోగదారులే. 2022 డిసెంబరులో అలాగే ఎన్నుకున్నారు. ఆ ఎన్నికల్లోకీ పార్టీల జెండాలు దూరాయి, అది వేరే గోల. అయినా ట్రాన్స్‌ఫార్మరు కాలితే అడగడానికి అక్కడి నేతన్నకు తాను ఓటేసిన మనిషి ఒకడున్నాడు.

నేను తీగలు కొనమనడం లేదు. భవనాల అనుమతుల కాగితాలూ, ఆయా వీధుల ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కలూ ఏడాదికొకసారైనా నగరసభలో ఒకే బల్ల మీద, మా కళ్ళెదుట విప్పమంటున్నాను. ఈ మాటే కార్పొరేటరుగారికి కాగితం మీద రాసిచ్చి వచ్చాను. మా నాలుగో ట్రాన్స్‌ఫార్మరు ప్రస్తుతానికి పనిచేస్తున్నది. ఎదురుగా మరో అయిదంతస్తుల భవనానికి పునాది తవ్వుతున్నారు.