ఎర్తు లేని ఇళ్లకు విద్యుత్ కార్లు

రాత్రి కారుకు ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి బ్యాటరీ నిండి ఉండాలి. లేచి చూస్తే చార్జరు మీద ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. బ్యాటరీ మాత్రం రాత్రి ఉన్నచోటనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరిన రోలుగుంట వంటి గ్రామీణ మండలాలలో విద్యుత్ కారు కొన్నవారికి ఎదురయ్యే మొదటి తంటా ఇదే. షోరూముకు ఫోను చేస్తే కారులో లోపం లేదంటారు. కరెంటు ఆఫీసులో అడిగితే మీటరు వరకే తమ బాధ్యత అంటారు. ఇద్దరూ చెప్పినది నిజమే కావచ్చును. జబ్బు ఈ ఇద్దరికీ మధ్య, మీటరుకూ ప్లగ్గుకూ నడుమ ఉన్న ఇంటి వైరింగులో ఉంటుంది.

అర్ల పంచాయతీ కొండ గ్రామాల గిరిజనులు రోడ్డు కోసం ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన మండలంలో విద్యుత్ కారు గురించి రాయడం విడ్డూరంగా తోచవచ్చు. కాని కారు బయటపెట్టిన లోపం కారున్న ఇంటికే పరిమితమైనది కాదు. పల్లెలలో అనేక ఇళ్లకు స్తంభం నుంచి రెండు తీగలు వస్తాయి, వాటితోనే బల్బు, ఫ్యాను, టీవీ నడిచిపోతాయి. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పెద్ద రంధ్రం వెనుక ఏ తీగా ఉండదు. ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే జిల్లుమంటుంది, ఇంటివారు చెప్పులేసుకుని తెరవడం అలవాటు చేసుకుంటారు. ఫ్రిజ్జు సర్దుకుపోయింది గాని కారు చార్జరు సర్దుకోదు. కరెంటు వదలడానికి ముందు అది ఎర్తు ఉన్నదా లేదా అని చూసుకుంటుంది. లేకపోతే మొరాయిస్తుంది. అది చార్జరు చెడిపోవడం కాదు, తన పని తాను చేయడం. కారు ఇనుప శరీరం రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. లోపల ఎక్కడైనా కరెంటు బాడీకి తగిలితే అది నేలలోకి పోవడానికి వేరే దారి ఉండదు. తడి నేల మీద నిలబడి తలుపు ముట్టుకున్న మనిషే దారి అవుతాడు.

ఇక్కడనే ప్రమాదకరమైన ఒక చిట్కా ప్రచారంలో ఉన్నది. సాకెట్టు విప్పి, ఎర్తు పిన్నుకూ న్యూట్రలుకూ జానెడు వైరు ముక్క కలిపితే చాలు, ఎర్రదీపం ఆరిపోతుంది, చార్జింగు మొదలవుతుంది. మేస్త్రీకి టీ ఇప్పించి పంపుతారు. తరువాత ఏనాడో గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రలు జాయింటు ఊడుతుంది. అప్పుడు ఇంట్లో వెలుగుతున్న బల్బు గుండానే ఫేజు కరెంటు తిరిగివచ్చి ఆ వైరు ముక్క మీదుగా కారు బాడీకి చేరుతుంది. పక్కన ఆడుకునే పిల్లవానికి ఆ సంగతి తెలియదు. ఇది మరమ్మతు కాదు, కాపలాదారు నోరు నొక్కడం. ఇటువంటి పని చేసే మేస్త్రీలూ, పని జరిగితే చాలుననుకునే యజమానులూ ఇద్దరూ ఇందుకు బాధ్యులే.

సరైన ఎర్తుకు అయ్యే ఖర్చు కారు ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రాదు. గొయ్యి తీసి, జీఐ పైపుగాని రాగి కడ్డీగాని దింపి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, అక్కడనుంచి అతుకు లేని తీగ సాకెట్టు వరకు తేవాలి. కొండ దిగువ రాతినేలలలో, ఎండాకాలంలో గొయ్యి ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్లే. అప్పుడప్పుడు నీళ్లు పోస్తూ ఉండవలసిందే. పని అయిన తరువాత టెస్టు లాంపు వెలిగించి చూపడంతో సరిపెట్టక, ఎర్తు టెస్టరుతో కొలిపించుకోవాలి. దీనికి తోడు 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించడం అవసరం. అది మాటిమాటికీ పడిపోతూ ఉంటే దానిని తీసివేయడం కాక, కరెంటు ఎక్కడ లీకవుతున్నదో వెతకాలి.

ఇక రెండవ లోపం సాకెట్టుది, వైరుది. ఇంట్లో పెట్టుకునే మామూలు చార్జరు 15 ఆంపియర్ల ప్లగ్గు మీద గంటకు సుమారు 3 యూనిట్లు లాగుతుంది. 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి పది గంటలు పడుతుంది. మిక్సీ అయిదు నిమిషాలు, ఇస్త్రీపెట్టె పావుగంట వాడతాము. ఇది రాత్రంతా ఆగకుండా లాగుతుంది. సాకెట్టులో స్క్రూ వదులై పావు ఓము నిరోధం ఏర్పడినా 15 ఆంపియర్ల వద్ద 56 వాట్ల వేడి పుడుతుంది. అంటే గోడలో ఒక సోల్డరింగ్ ఐరను రాత్రంతా వెలుగుతున్నట్లే. సాకెట్టు గోధుమరంగుకు మారినా, కాలిన వాసన వచ్చినా ఆ రోజు నుంచే వాడకం ఆపాలి. లైట్లకు వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరు నుంచి 30 మీటర్లు నడిస్తే ఒక్క ఆ తీగలోనే 11 వోల్టులు పోతాయి. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరయితే పోయేది 4 వోల్టులు. కాబట్టి మీటరు బోర్డు నుంచి కారుకు విడిగా ఒక లైను, దానికి విడిగా ఒక ఎంసీబీ ఉండాలి. పెళ్లిపందిరికి వాడే ఎక్స్‌టెన్షన్ పెట్టెతో కారు చార్జింగు పెట్టడం ఇల్లు తగలబెట్టుకోవడమే.

అన్నీ సరిగానే ఉన్నా సాయంత్రం చార్జింగు ఆగిపోయి, అర్ధరాత్రి దానంతట అదే మొదలవుతూ ఉంటే లోపం వోల్టేజిది. 230 ఉండవలసినచోట లైను చివరి ఇళ్లలో అది బాగా తగ్గుతుంది. ఊరు నిద్రపోయాక చార్జింగు పెట్టుకుంటే కొంతవరకు ఈ ఇబ్బంది తప్పుతుంది. అయితే ఒక ఇంట బల్బులు మిరుమిట్లు గొలుపుతూ, పొరుగింట గుడ్డిగా వెలుగుతూ ఉంటే అది ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రలు తెగిన గుర్తు. వెంటనే కారు ప్లగ్గు తీసి, మెయిన్ ఆపి, 1912కు ఫోను చేయాలి.

ఉన్న గృహ కనెక్షను మీదనే కారు చార్జింగు చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 జనవరి మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. అంతమాత్రాన ఒక కిలోవాటు లోడు రాయించుకున్న ఇంట మూడు కిలోవాట్లు లాగితే ట్రాన్స్‌ఫార్మరు ఊరుకోదు. ముందుగా అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోవాలి. బోరు మోటారుకు ఇచ్చిన ఉచిత విద్యుత్తుతో కారు నింపుకుందామనే ఆశ కొందరికి ఉండవచ్చు. ఇచ్చిన అవసరానికి కాక వేరేదానికి కరెంటు వాడడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కిందికి వస్తుంది.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగుకు పెట్టిన విద్యుత్ బైకు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. అదే వారంలో నిజామాబాదులో ఇటువంటి ప్రమాదంలోనే ఒక వృద్ధుడు చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీల ప్రమాణాలను కేంద్రం కట్టుదిట్టం చేసింది. బ్యాటరీకి ప్రమాణం వచ్చింది గాని, దానిని నింపే పల్లెటూరి సాకెట్టును చూసే నాథుడు లేడు.

తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉన్నది. అదనపు లోడుకు దరఖాస్తు వచ్చినప్పుడు డబ్బు కట్టించుకోవడంతో సరిపెట్టక, ఆ ఇంటి ఎర్తును కొలిచి చూడాలి. 2019లో గ్రామ సచివాలయాలలో ఎనర్జీ అసిస్టెంట్లను నియమించారు. ఈ పనికి వారిని వినియోగించి, మండలానికి రెండు ఎర్తు టెస్టర్లయినా ఇవ్వాలి. కారు అమ్మేవారు ఇంటి వైరింగు చూడకుండా తాళాలు చేతికివ్వరాదు. ప్రభుత్వ గృహ నిర్మాణ కాలనీలలో కారు మాట అటుంచి, ప్రతి ఇంటికీ ఎర్తు గొయ్యి ఉన్నదో లేదో రాబోయే వానాకాలానికి ముందే తనిఖీ జరగాలి.