పీఠిక లేని దొరల పుస్తకాలు

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఒకప్పుడు పాత పుస్తకాలకు పెద్ద మజిలీ. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించాలని తలపెట్టారు. ఆ తలంపుతో మన దేశంలో స్కానింగ్ జరిగిన ముఖ్య కేంద్రాల్లో అదొకటి. 2003లో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని, అంతకుముందు ఆబిడ్స్ ఆదివారం సంతలో అదృష్టం ఉంటేనో, ఢిల్లీ ప్రచురణకర్తల ఖరీదైన పునర్ముద్రణల్లోనో కనబడే దొరల పుస్తకాలు అందరి చేతికీ వచ్చాయి. జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు, కులాల మీదా తెగల మీదా రాసిన సంపుటాలు, రెసిడెంట్ల జ్ఞాపకాలు ఇప్పుడు ఎవరైనా దించుకోవచ్చు. దించుకున్నవాళ్లలో కొందరు వాటిని మళ్లీ అచ్చేసి ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్ముతున్నారు. ఆర్డరు వచ్చాక ఒక్కో ప్రతి అచ్చు వేసే పద్ధతి ఇది. అట్ట కొత్తది, లోపలంతా పాతదే. పీఠిక లేదు, వివరణ లేదు, రచయిత ఎవరో ఏ ఉద్యోగంలో ఉండి రాశాడో చెప్పే ఒక్క పేజీ లేదు. చాలాసార్లు మడత పటాలు కూడా ఉండవు. ఈ పుస్తకాలు మళ్లీ రావడం మంచిదే. ఇలా ఒంటరిగా రావడమే నా అభ్యంతరం. ఆ లోటు తీర్చే శక్తి, బాధ్యత కూడా సైబరాబాద్‌కే ఎక్కువ ఉన్నాయని నా వాదన.

ఈ మాట ఎందుకంటున్నానో మలయా ఉదాహరణ తేలిగ్గా చెబుతుంది. 1874 పాంకోర్ ఒప్పందంతో బ్రిటిష్‌వాళ్లు పెరాక్ సుల్తాన్ పక్కన ఒక రెసిడెంట్‌ను కూర్చోబెట్టారు. మతం, మలయ ఆచారం తప్ప మిగతా ప్రతి విషయంలో అతని సలహా అడగాలి, అడిగి పాటించాలి. 1798 సంధి తర్వాత కోఠీ రెసిడెన్సీ నీడలో బతికిన హైదరాబాద్‌కు ఈ ఏర్పాటు కొత్తది కాదు. ఆ రెసిడెంట్లలో ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ 1895లో ‘మలయ్ స్కెచెస్’ రాశాడు. హ్యూ క్లిఫర్డ్ 1897లో ‘ఇన్ కోర్ట్ అండ్ కంపోంగ్’ రాశాడు. ఇద్దరికీ భాష వచ్చు, ఊళ్లు తెలుసు, కథ చెప్పే నేర్పుంది. అయినా స్వెట్టెన్‌హామ్ తొలి అధ్యాయంలోనే మలయ మనిషి మహా సోమరి అని తేల్చేస్తాడు. 1966, 67ల్లో కౌలాలంపూర్‌లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ఈ ఇద్దరి కథలను మళ్లీ వేసినప్పుడు విలియం రాఫ్ అనే చరిత్రకారుడు వాటిని ఎంచి, పరిచయం రాసి ఇచ్చాడు. పదేళ్ల తర్వాత, 1977లో, సయ్యద్ హుస్సేన్ అలతాస్ ‘ది మిత్ ఆఫ్ ది లేజీ నేటివ్’లో ఇలాంటి రాతలనే ముందు పెట్టుకుని ‘సోమరి’ అన్న ముద్ర ఎక్కణ్నుంచి వచ్చిందో విప్పి చూపాడు. మలయ రైతు తన పొలం దున్నుకున్నాడు, చేపలు పట్టుకున్నాడు. దొరల తోటల్లోకి, గనుల్లోకి కూలికి రాలేదు. రానందుకే సోమరి అయ్యాడు. ఆ రాని మనుషుల చోటు నింపడానికి ఓడలెక్కినవాళ్లలో మన విశాఖ, గోదావరి తీరాల జనం ఉన్నారు. పెరాక్‌లోని బగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో తెలుగు ఊళ్లు అలా ఏర్పడ్డాయి. కళింగ పేరు నుంచి వచ్చిన ‘క్లింగ్’ అన్న మాట అక్కడ చివరకు తిట్టుగా మిగిలింది. మలయ కొలువునూ పల్లెనూ అంత ముచ్చటగా వర్ణించిన ఈ పుస్తకాల్లో ఆ కూలీల జీవితం అంచుల్లోనే ఆగిపోయింది. పరిచయం లేకుండా వాటిని చదివే తెలుగు పాఠకుడికి, తన తాతల ప్రయాణానికీ ఆ ‘సోమరితనా’నికీ ఉన్న లంకె తట్టే అవకాశం లేదు.

మన ఊళ్ల సంగతి ఇంకా దగ్గరది, ఇంకా బరువైనది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో కె. రంగాచారి సాయంతో ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ ఏడు సంపుటాలు తెచ్చాడు. దక్షిణాది కులాల గురించి ఏం రాయాలన్నా నేటికీ చాలామంది ముందు తిప్పేది ఆ పేజీలే. కొరవలు, ఎరుకలవాళ్ల గురించి అందులో ఉన్న అధ్యాయానికి సాక్ష్యం ఇచ్చినవారిలో పోలీసు అధికారులున్నారు. 1892లో మల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ ‘నేర వర్గాల’ మీద వేసిన పుస్తకం లాంటివి థర్‌స్టన్‌కు మూలాలు. పట్టుకునేవాడి డైరీ ఈ దారిన మానవశాస్త్రమైంది. రెండేళ్లకు, 1911లో, నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్‌మెంట్‌కు హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. చట్టం 1952లో రద్దయింది కానీ ఆ ఊరి పేరు మన సినిమాల్లో, పత్రికల్లో దొంగతనానికి మారుపేరుగానే ఇంకా తిరుగుతోంది. ఆ అధ్యాయాన్ని వివరణ లేకుండా మళ్లీ అచ్చేయడమంటే, పోలీసు డైరీని ఇంకోసారి శాస్త్రంగా అమ్మడమే.

ఇక్కడ కాపీరైట్ చట్టం పెట్టే చిక్కు ఒకటుంది. మన దేశంలో రచయిత చనిపోయిన అరవై ఏళ్లకు పుస్తకం అందరిదీ అవుతుంది. థర్‌స్టన్ 1935లో, క్లిఫర్డ్ 1941లో, స్వెట్టెన్‌హామ్ 1946లో పోయారు. వాళ్ల రాతలు ఎవరైనా ఉచితంగా అచ్చేసుకోవచ్చు. వాళ్లకు జవాబు చెప్పిన అలతాస్ పోయింది 2007లో. ఆయన పుస్తకం 2067 చివరిదాకా హక్కుల కిందే ఉంటుంది. అంటే ముద్ర వేసిన పుస్తకం ఊరికే దొరుకుతుంది, ఆ ముద్రను చెరిపిన పుస్తకం మరో తరం దాకా ఊరికే దొరకదు. మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో భాషా నమూనాలు తయారుచేస్తున్నవారికి ఇది పట్టాల్సిన సంగతి. యంత్రానికి మేపడానికి చిక్కులేని పాఠం ఏదంటే హక్కులు తీరిన పాత పుస్తకమే. ఎరుకలవాళ్లెవరని రేపు ఒక పిల్లవాడు ఫోన్‌ను అడిగితే 1909 నాటి జవాబు వినపడకూడదనుకుంటే, పాఠంతో పాటు దాని పుట్టుపూర్వోత్తరాలనూ ఇప్పుడే జతచేయాలి.

పాఠకుడు చిన్నపిల్లవాడా, తన బుర్రతో తాను చదువుకోలేడా, పీఠిక పేరుతో నీతులు చెప్పడమెందుకు అని అడగొచ్చు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. పీఠికలో తీర్పులు చెబితే నాకూ విసుగే. నేనడిగేది తీర్పు కాదు, నాలుగు వాస్తవాలు: రాసినవాడి ఉద్యోగమేమిటి, అతనికి చెప్పిందెవరు, ఏ భాషలో విన్నాడు, రాసినదాన్ని సర్కారు ఏం చేసుకుంది. అవి తెలిసిన పాఠకుడే తన బుర్రతో చదవగలడు. ఇంకొందరు ఈ పుస్తకాల్లో ఇంకెక్కడా దొరకని వివరముందని గుర్తుచేస్తారు. నిజమే. పంటలు, కొలతలు, పెళ్లి తంతులు, పాటలు, ఫొటోలు, ఇప్పుడు మాయమైన వృత్తుల పనిముట్లు వాటిల్లోనే మిగిలాయి. వాటిని దాచేయమనేవారితో నేను లేను. అసలు పుస్తకాలే దొరక్కపోతే అలతాస్ వాదానికి ఆధారమెక్కడిది? మనవాళ్లు రాసినవి మాత్రం సవ్యంగా ఉన్నాయా అన్నది మూడో మాట. లేవు. 1920లో నిజాం రాజ్యంలోని కులాల మీద వచ్చిన సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం కూడా ఆ అచ్చులో పోతపోసిందే. అందుకే నేను రచయిత ఒంటి రంగు గురించి మాట్లాడటం లేదు. అతను కూర్చున్న కుర్చీ గురించి మాట్లాడుతున్నాను. దానికి దొరైనా దేశీయుడైనా ఒకటే లెక్క.

పీఠికతో, వివరణతో పుస్తకం వేయడం మనకు కొత్త విద్య కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయల్దేరి హైదరాబాద్ మీదుగా వెళుతూ రాసుకున్న ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్లీ వేసినప్పుడు చారిత్రక వివరణలు జోడించి, వందేళ్ల కిందటి ప్రయాణం నేటి పాఠకుడికి అర్థమయ్యేట్టు చేశారు. నెల్లూరు బంగోరె సి.పి. బ్రౌన్ కాగితాల వెంట పడి, ఆ అధికారి సాహిత్య జీవితాన్ని మన ముందు పెట్టారు. బ్రౌన్ చేసిన పనినే చూడండి. కడపలో కొలువు చేస్తూ, తన సొంత జీతంతో పండితులను పెట్టుకుని, ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి, దిద్దించి, జూలూరి అప్పయ్య వంటివారితో వ్యాఖ్యలు రాయించాడు. ఒక తెలుగు కావ్యం మీద అంత ఓపిక పెట్టిన అధికారి మనకున్నాడు. అధికారుల పుస్తకాల మీద అంత ఓపిక మనమూ పెట్టాలి, పొగడడానికీ కాదు, తిట్టడానికీ కాదు, సరిగా చదవడానికి.

ఖర్చు గురించి అడిగేవారికి సైబరాబాద్ పటమే జవాబు. స్కాన్ చేసిన ట్రిపుల్ ఐటీ గచ్చిబౌలిలోనే ఉంది. 1974లో పుట్టిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర, మానవశాస్త్ర శాఖలున్నాయి. నిజాం కాగితాలు చదవడానికి కావలసిన ఉర్దూ, పారశీకం మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మూడూ కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న పొరుగు సంస్థలు. అన్ని పుస్తకాలూ ఒకేసారి అక్కర్లేదు. థర్‌స్టన్ మూడో సంపుటంలోని కొరవల అధ్యాయం ఒక్కదానితో మొదలుపెట్టొచ్చు. ఎడమ పేజీలో 1909 నాటి పాఠం, కుడి పేజీలో తెలుగు వివరణ. వివరణ రాసే బృందంలో స్టువర్టుపురం కుటుంబాల నుంచి వచ్చి విశ్వవిద్యాలయాల్లో చదువుకున్నవాళ్లుండాలి, పుస్తకం మీద వాళ్ల పేర్లు థర్‌స్టన్ పేరున్న అక్షరాల సైజులోనే ఉండాలి.