చదువుతూ సంపాదిస్తే తప్పేంటి?



కిందటి గోడ పత్రికలో ఒక అన్న రాశాడు, చదువుకునే రోజుల్లో చేతికి డబ్బొస్తే పిల్లలు చెడిపోతారని. గౌరవంగానే చెబుతున్నా, నేను ఒప్పుకోను. డబ్బొచ్చి చెడిపోయినవాళ్లని మా ఊళ్లో నేను చూడలేదు. డబ్బు లేక చదువు మానేసినవాళ్లనే చూశాను.

మా అన్నయ్య సంగతే చెబుతాను. పట్నంలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ, రూం అద్దె బాకీ పడి, నవంబరులో కాఫీ పళ్ల కోతకని ఇంటికొచ్చాడు. ఆరు వారాలు కోశాడు. బాకీ తీరింది. కానీ 75 శాతం హాజరు లేదని హాల్ టికెట్ ఇవ్వలేదు. మళ్లీ కాలేజీకి పోలేదు. ఇప్పుడు మేస్త్రీ దగ్గర సిమెంటు కలుపుతున్నాడు.

అన్నయ్య పనీ చేశాడు, చదువూ చదివాడు. కానీ ఆ పనికీ ఈ చదువుకీ సంబంధం లేదు, అందుకే ఒకటి రెండోదాన్ని మింగేసింది. అదే కాలేజీయే పనిని చదువులో భాగంగా పెడితే? ఇదేం కొత్త ఊహ కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లోనే 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో మొదలుపెట్టాడు. ఒక వారం క్లాసు, ఒక వారం ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీలో చేసిన పనికి జీతం. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయమైతే 1957లో ఈ పద్ధతితోనే పుట్టింది.

మన దేశంలో అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. డిగ్రీలోనే కనీసం ఒక సెమిస్టరు అప్రెంటిస్ శిక్షణ కలపొచ్చని యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పనికి క్రెడిట్లు కూడా ఉంటాయి, అంటే హాజరు పోయే భయం లేదు. 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కి నెలకు కనీసం 9,000 రూపాయలు అని రాశారు. ఆ డబ్బుంటే మా అన్నయ్య కాఫీ తోటకి వచ్చేవాడా?

అయితే ఒక జాగ్రత్త. మన రాష్ట్రంలో 2020-21లో చేరినవాళ్ల నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఇంటర్న్‌షిప్ అనగానే జీతం అనుకోకండి. అప్రెంటిస్ ఒప్పందం మీద సంతకాలు ఉంటేనే చట్టం మన పక్కన నిలబడుతుంది. లేకపోతే టీలు తెప్పించుకుని, జెరాక్సులు తీయించుకుని పంపేసేవాళ్లూ ఉంటారు. (టీ మోయడం మాకు ఇంట్లోనే వచ్చు, దానికి డిగ్రీ ఎందుకు?)

ఇంకో చిక్కుంది. డబ్బు నెల తిరిగాక గానీ రాదు. కొత్త ఊళ్లో ఆ మొదటి నెల అద్దె, బస్సు చార్జీలు, తిండి ఎవరు పెట్టుకోవాలి? ఊళ్లో అప్పు చేస్తే వడ్డీ సంగతి మనకి తెలిసిందే. కాలేజీ హాస్టల్ వాళ్లు శిక్షణ కాలంలో సీటు తీసేయకుండా ఉంచితే సగం కష్టం తీరుతుంది.

వార్డెన్ గారికి ఒక విన్నపం. పరీక్షల ముందే ఒక ఆదివారం, డిగ్రీ చదువుతున్న మన పాత విద్యార్థుల్ని పిలిపించండి. ఏ కాలేజీలో డబ్బిచ్చే శిక్షణ నిజంగా ఉందో, ఎక్కడ పేరుకే ఉందో వాళ్లకి తెలుసు. మా అన్నయ్యని నేను తీసుకొస్తాను. ఆదివారమైతే వాడికి కూలి పోదు.

— పదో తరగతి విద్యార్థిని