ఒకే బానలో రెండు పాములా?

‘‘అన్నా, ఒక్కదాన్నే ఉంచితే బెంగ పెట్టుకుంటుందేమో. ఇంకొకటి తెచ్చి జత చేస్తే ఎట్లా ఉంటుంది?’’

పట్టణంలో చదువుకుంటున్న మా ఊరి కుర్రవాడు ఒకడు ఈ మధ్య సెలవులకు వచ్చి ఈ విలేఖరిని అడిగిన ప్రశ్న ఇది. అతని స్నేహితుడు గదిలో గాజు పెట్టెలో ఒక బోవా పామును పెంచుతున్నాడట. అది మన దేశపు పాము కాదు. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవులది. కొండచిలువలాగే ఎరను చుట్టి నొక్కి చంపుతుంది గానీ, దానిలాగా గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పెరిగితే రెండు మూడు మీటర్లు ఉంటుంది. సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది.

పాముల సంగతి నన్నెందుకు అడుగుతున్నావంటే, ‘‘రెండు తలల పాము గురించి పేపర్లో రాసింది నువ్వే కదన్నా’’ అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. రాసింది నేనే. ఆ పాములను జత చేయమని సలహా ఇచ్చిందీ నేనే. అందుకే ఆ కుర్రవాడికి చెప్పిన సమాధానాన్ని పాఠకుల ముందు కూడా పెడుతున్నాను.

ఒక పొరపాటు కథ

సుమారు పదకొండేళ్ల కిందటి మాట. మా మేనమామ వేరుశనగ చేను దున్నుతుండగా నాగటి చాలులో ఒక రెండు తలల పాము బయటపడింది. దాదాపు మూడడుగుల పొడవు, ముంజేయి లావు. దాన్ని తెచ్చి పాత బానలో ఇసుక పోసి అందులో వేసి, పైన గోనెపట్ట కప్పాడు. అప్పుడే విలేఖరిగా చేరిన నేను ఉత్సాహం కొద్దీ నాలుగు పంక్తుల వింత వార్త రాసి పంపాను. మర్నాటి నుంచి చూడవచ్చేవారితో మా మామ వాకిలి నిండిపోయింది.

వారం తిరగకుండా ఒక మధ్యవర్తి దిగాడు. ఈ పాము తూకం పెరిగితే లక్షలు పలుకుతుందని, జత అయితే చెప్పనే అక్కరలేదని మామను నమ్మించాడు. మామ నలభై వేలు అప్పు చేసి అతని దగ్గరే రెండో పామును కొన్నాడు. అది కొంచెం చిన్నది. ‘‘అల్లుడూ, దీన్ని వేరే కుండలో పెట్టాలా, దాంట్లోనే వెయ్యాలా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు’’ అన్నాడు. ‘‘దాంట్లోనే వెయ్యి మామా, తోడుగా ఉంటుంది’’ అన్నాను. చదివింది ఇంటర్మీడియెట్. పాములను గురించి చదివింది సున్న.

ఆ రాత్రి బానలోకి ఒక ఎలుకను వదిలారు. తెల్లవారి గోనెపట్ట తీసి చూస్తే చిన్న పాము చచ్చి పడి ఉంది. దాని తల దగ్గర పళ్ల గాట్లు ఉన్నాయి. పెద్దది దాన్ని రెండు చుట్లు చుట్టుకుని అట్లాగే పడి ఉంది. చీకట్లో రెండూ ఒకే ఎలుకను రెండు వైపుల నుంచి పట్టుకుని ఉంటాయని, ఎలుకతోపాటు రెండో దాన్ని కూడా పెద్దది నొక్కేసి ఉంటుందని తర్వాత తెలిసినవారు చెప్పారు. బతికిన పాము ఆ తర్వాత మూడు వారాలు ఏమీ ముట్టలేదు. చివరకు మా అత్త పోరు పడలేక దాన్ని దొరికిన చేలోనే వదిలేశారు. మధ్యవర్తి మళ్లీ కనిపించలేదు. అప్పు తీర్చడానికి మామ పాడిగేదెను అమ్మాడు. ఆ గేదె పాలమీదే వాళ్ల పిల్లల చదువు నడిచేది.

పాముకు తోడు ఎందుకు?

ఆ తర్వాత పాములు పట్టే పెద్దవాళ్లను, జంతు ప్రదర్శనశాలలో పనిచేసి వచ్చిన ఒక పరిచయస్తుణ్ణి అడిగి, దొరికినంత చదివి తెలుసుకున్నది ఇది. ఆవులు మందగా బతుకుతాయి. కోతులు గుంపుగా తిరుగుతాయి. బోవాలు అట్లా కాదు. ఒంటిగా తిరుగుతాయి, ఒంటిగా వేటాడతాయి. ఆడ, మగ కలిసేది ఎదకాలంలోనే. తల్లి కన్న పిల్లలు కూడా పుట్టిన కొద్ది రోజులకే ఎవరి దారిన అవి పోతాయి. కాబట్టి ఒంటరితనంతో అది బెంగ పెట్టుకుంటుందన్నది మన ఊహ. మన మనసును దానికి అంటగడుతున్నాం.

‘‘రెండూ ఒకదానిమీద ఒకటి పడుకుని ఎంత ప్రేమగా ఉన్నాయో’’ అని కొందరు మురిసిపోతారు. పాము శరీరానికి సొంతంగా వేడి పుట్టదు. పెట్టెలో వెచ్చని చోటు ఒకటే ఉంటే రెండూ అక్కడికే చేరతాయి. నక్కడానికి మరుగు ఒకటే ఉంటే రెండూ అందులోనే దూరతాయి. అది ప్రేమ కాదు, చోటు కోసం పోటీ. ఆ పోటీలో కరుచుకోవడం, అరవడం ఉండవు. పెద్దది వెచ్చని చోట ఉంటే చిన్నది చల్లని మూలకు పోతుంది. వెచ్చదనం అందని పాముకు తిన్నది అరగదు. క్రమంగా తిండి మాని చిక్కిపోతుంది. యజమానికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

రెండో ప్రమాదం మేత వేళ. బోవాకు ఎర వాసన తగిలితే కదిలేదల్లా ఎరే. మా మామ బానలో జరిగింది ఇదే. ‘‘మేత పెట్టేటప్పుడు వేరు చేస్తే సరిపోదా?’’ అనవచ్చు. తిన్న వెంటనే పామును ఎత్తి అటూ ఇటూ మారిస్తే మింగింది కక్కేస్తుంది. కనీసం రెండు రోజులు దాన్ని కదిలించరాదు. పైగా ఎర వాసన దాని నోటికి అంటుకుని ఉండగానే పక్కదాని దగ్గరకు చేర్చడం కోరి కొరివితో తల గోక్కోవడమే.

మూడోది రోగం. బోవాలకు, కొండచిలువలకు ‘ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్’ అనే జబ్బు ఉంది. దీని వెనుక ఒక రకం అరీనావైరస్ ఉన్నదని శాస్త్రజ్ఞులు 2012లో వెల్లడించారు. కొండచిలువలో ఈ జబ్బు త్వరగా బయటపడుతుంది. బోవాలో మాత్రం ఏళ్ల తరబడి పైకి కనబడకుండా ఉండవచ్చు. ముదిరితే పాము మేత కక్కుతుంది, తల నిలపలేదు, వెల్లకిలా తిప్పితే తిరగబడలేదు. దీనికి మందు లేదు. చూడడానికి నిగనిగలాడే కొత్త పామును తెచ్చి పాతదాని పెట్టెలో వేస్తే రెండూ పోవచ్చు. అందుకే తెలిసినవారు కొత్త పామును రెండు మూడు నెలలు వేరే గదిలోనే ఉంచి చూస్తారు. పాములమీది పేలు కూడా ఒకదాని నుంచి ఒకదానికి పాకుతాయి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పెట్టెలో కక్కిన మేత కనబడితే ఏది కక్కిందో ఎట్లా తెలుస్తుంది? పేడలో పురుగు కనబడితే ఏ పాముదని వైద్యం చేయాలి? ఒక్కటే ఉంటే ఈ ప్రశ్నే రాదు.

ఎదుటివారి వాదన

అవతలివారి మాటలో నిజం లేకపోలేదు. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని నార్సిస్ అనేచోట గార్టర్ పాములు చలికాలంలో వేలకు వేలు ఒకేచోట నేల పగుళ్లలో తలదాచుకుంటాయి. ఆ జాతి పాములు కొన్ని తోటి పాముల చెంత ఉండడానికి ఇష్టపడతాయని 2020లో ఒక పరిశోధన కూడా వెలువడింది. బోవాలలోనే క్యూబా దేశపు జాతి ఒకటి గుహ ద్వారం దగ్గర వరుసగా వేలాడి, దారి అడ్డగించి గబ్బిలాలను పడుతుందని 2017లో ప్రకటించారు. కనుక పాములకు పాములతో పనే లేదని కొట్టిపారేయలేం.

అయితే గమనించవలసింది ఒకటుంది. ఆ పగుళ్లలోంచి, ఆ గుహలోంచి ఇష్టం లేని పాము వెళ్లిపోగలదు. క్యూబా గుహలో ఏ పాము గబ్బిలాన్ని అది పట్టుకుని తన దారిన పోతుంది. గాజు పెట్టెలోంచి, బానలోంచి ఎక్కడికి పోతుంది? కొన్ని జంతు ప్రదర్శనశాలల్లో ఒకే ఆవరణలో రెండు మూడు ఉంచుతారు, నిజమే. అక్కడ చోటు విశాలం, ఒక్కోదానికి వేరే మరుగు, వేరే మేత, కనిపెట్టుకుని ఉండే మనుషులు, పిలిస్తే పలికే వైద్యుడు ఉంటారు. అద్దె గదిలో, మంచం కింద ఇవన్నీ సాధ్యమా? పిల్లల కోసం జత కట్టించే అనుభవజ్ఞులు సైతం పని కాగానే వేరు చేస్తారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు ఊరికే అనలేదు.

కాబట్టి ఆ కుర్రవాడికి చెప్పిన సమాధానం ఇదే: ఒక పాముకు ఒక పెట్టె. రెండోది కొనాలన్న ఆలోచన మానుకొమ్మని నీ స్నేహితుడికి చెప్పు. ఉన్నదానికైనా కాగితాలు ఉన్నాయో లేవో చూసుకోమను. విదేశీ బోవాలు అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉన్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇటువంటి జీవులను ఉంచుకున్నవారు కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

మన పాము సంగతి వేరు

ఇక మన రెండు తలల పాము. ఇది కూడా బోవాల వర్గానికి చెందినదే. దానికి రెండు తలలు లేవు. తోక మొద్దుగా తలలాగే ఉంటుంది. బెదిరితే తలను చుట్టల కింద దాచి తోకను పైకి చూపుతుంది. ఆరు నెలలు ఒక తలతో, ఆరు నెలలు ఇంకొక తలతో నడుస్తుందన్నది కల్ల. నాకితే బొల్లి వస్తుందన్నదీ కల్లే. విషం లేదు. తోకకు కళ్లు, నోరు ఉన్నట్లు గాట్లు పెట్టి వీధుల్లో చూపించిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. అది తినేది ముఖ్యంగా ఎలుకలను. వేరుశనగ రైతుకు జీతం అడగని పాలేరు అది.

అటువంటి పామును ఇంట్లో ఉంటే లక్ష్మి అని, తూకం పెరిగితే లక్షలని పట్టి అమ్ముతున్నారు. 2016 నుంచి 2021 వరకు వచ్చిన వార్తలను వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ - ఇండియా సంస్థ లెక్కవేస్తే, దేశంలో ఈ పాములు పట్టుబడిన సంఘటనలు 172 తేలాయి. పట్టుబడనివి ఎన్నో ఎవరికెరుక? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, ఉంచుకోవడం, కొనడం, అమ్మడం అన్నీ నేరాలే. మా మామ చేసిందీ నేరమే. దానికి వార్త రాసి ప్రచారం చేసిన నా పాత్ర కూడా చిన్నది కాదు. కనుక ఈ పాము విషయంలో కలిపి ఉంచాలా, విడిగా ఉంచాలా అన్న ప్రశ్నే లేదు. అసలు ఉంచరాదు.

ఆ ప్రశ్న మిగిలేది ఒక్కచోటే. దొంగ వ్యాపారుల దగ్గర పట్టుబడిన పాములను కోర్టు అనుమతి వచ్చి వదిలేదాకా ఎక్కడో ఒకచోట ఉంచాలి కదా! వ్యాపారి ఒకే గోనెసంచిలో కుక్కి తెచ్చిన పాములను అదే సంచిలో రోజుల తరబడి ఉంచితే, కాపాడినవాళ్లమే వాటిని చంపినవాళ్లం అవుతాం. ఒక్కో పాముకు ఒక్కో నూలు సంచి, దానిపైన చీటీ, గాలి ఆడే పెట్టె, నీళ్ల మూకుడు ఉంటే చాలు. అంతా కలిపినా ఖర్చు పెద్దది కాదు. అటవీశాఖ క్షేత్ర కార్యాలయాల్లో ఇవి ఎప్పుడూ సిద్ధంగా ఉండేటట్లు జిల్లా అధికారులు శ్రద్ధ తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. అనుమతి త్వరగా తెప్పించి, దొరికిన ప్రాంతానికి దగ్గరలోని అనువైన నేలలోనే వదిలితే మరీ మంచిది.

చేలో ఈ పాము కనబడితే రైతు సోదరులు చేయవలసింది ఒకటే. నాగలి ఆపి, అది పక్కకు పోయేదాకా ఒక బీడీ కాల్చుకునేంతసేపు ఓపిక పట్టడం. ఇంట్లో దూరితే అటవీశాఖవారికి కబురు చేయడం. మధ్యవర్తి ఎవరైనా వచ్చి లక్షలు లెక్కపెడితే పోలీసులకు చెప్పడం.

ఇక ఈ విలేఖరి ఒక నియమం పెట్టుకున్నాడు. రెండు తలల పాము దొరికిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఊరి పేరు రాయడం లేదు, ఫొటో పంపడం లేదు. ముందు ఆ పామును దొరికిన చోటనే వదిలేయమని చెబుతున్నాడు. తోటి విలేఖరులు కూడా ఆలోచించాలి. మనం రాసే నాలుగు పంక్తుల వింత ఒక ఇంటి గేదెను అమ్మించవచ్చు.